పిడి కొలత

మంగళవారం సాయంత్రం టెన్నిస్ కోర్టు నుంచి ఇంటికొచ్చిన కోటేశ్వరి కాఫీ గ్లాసును ఎడమచేత్తో అందుకుంది. ఆమె భర్త రామమూర్తి అది గమనించి, చదువుతున్న పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“కుడిచెయ్యి ఏమైంది?”

“ఏం కాలేదు. కొత్త కదా.”

“ఏదీ, ఇలా చూపించు.”

చూపించింది. మణికట్టు వాచింది. బొటనవేలి మొదట్లో బొబ్బ లేచి, చిట్లి, ఎర్రగా ఉంది. రామమూర్తి లేచి వెళ్ళి కొబ్బరినూనె సీసా తెచ్చాడు. ఆమె చేతిని తన మోకాలి మీద పెట్టుకుని, పసిపిల్లకి రాసినట్టు మెల్లగా రాశాడు.

“మానేస్తానని మాత్రం అనకు. ఆ బ్యాట్ కోసం ఆదివారం గోల్‌బజారులో నన్ను గంటసేపు నిలబెట్టావు.”

“రాకెట్ అనాలి.”

“సరే, రాకెట్.”

ఖరగ్‌పూర్‌లో రైల్వే ఇన్‌స్టిట్యూట్ టెన్నిస్ కోర్టులోకి ఆడవాళ్ళని రానివ్వడం అదే మొదలు. మంగళ, శుక్రవారాలు సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర దాకా ఉద్యోగినులు, ఉద్యోగుల భార్యలు, కుమార్తెలు ఆడుకోవచ్చని డిసెంబరు నెలాఖర్లో నోటీసు పెట్టారు. కోటేశ్వరి రైల్వే ఆడపిల్లల స్కూల్లో తెలుగు చెబుతుంది. స్కూలు నుంచి ఇంటికి నడిచే దారి కోర్టు కంచె పక్కనుంచే. ఆరేళ్ళుగా ఆ బంతి చప్పుడు వింటూ నడిచింది. నోటీసు పడిన మర్నాడే పేరు ఇచ్చేసింది.

నోటీసు అడుగున ఎత్తుమడమల చెప్పులు వద్దనీ, రాకెట్లు, బూట్లు ఏ షాపులో కొనాలో కూడా రాసి ఉంది. ఆ షాపతను అన్నిటికంటే ఎక్కువగా మెరుస్తున్న రాకెట్ తీసి, “ఆఫీసర్లందరూ ఇదే తీసుకుంటారమ్మా,” అన్నాడు. దానికంటే ఏం కావాలి? ఆమె తీసుకుంది. బూట్లు ఒక సైజు పెద్దవే దొరికాయి, ముందు భాగంలో దూది కుక్కుకుంది.

మొదటిరోజు బంతి రాకెట్‌కి తగిలినప్పుడల్లా మోచేతి దాకా జిల్లుమంది. పక్కన ఆడుతున్న ఆసుపత్రి నర్సు జ్ఞానరత్నం రెండుసార్లు రాకెట్ జారవిడిచింది. ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ గణపతిరావు రేకు పంచ కింద కుర్చీ వేసుకుని అదంతా చూశాడు. రోజూ ఉదయం ఆరింటికి ఇస్త్రీ నిక్కరు వేసుకుని ఆడే మనిషి ఆయన. వెళ్ళేటప్పుడు అందరికీ వినబడేలాగే అన్నాడు.

“ఆడవాళ్ళ మణికట్టు దీనికి ఆగదమ్మా. నేను ముందే అనుకున్నాను. హాయిగా రింగు ఆట ఆడుకోండి, వల కట్టిస్తాను.”

కోటేశ్వరి ఆ మాట భర్తకి చెప్పలేదు. రాత్రి అన్నం కలుపుకుంటుంటే చెయ్యి నొప్పి పెట్టింది. నిజమేనేమో అనుకుంది.

*

శుక్రవారం నాడు ఆమె అందరికంటే ముందుగా వెళ్ళింది. కోర్టులో మార్కర్ ఎర్రయ్య ఒక్కడే ఉన్నాడు. కోర్టుని బాగు చేసేదీ, రాకెట్లకి తీగలు కట్టేదీ, ఆడటానికి ఎవరూ దొరకని ఆఫీసర్లకి ఎదుట నిలబడి బంతులు వేసేదీ అతనే. యాభై దాటినవాడు. ఖాకీ నిక్కరు, వట్టికాళ్ళు. ఎర్రమట్టి మీద నీళ్ళు చల్లి, రోలర్ లాగి, ఇప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకి తాడు కట్టి దాని వెంట సున్నం గీత వేస్తున్నాడు. వంగిన మనిషి గీత చివరిదాకా నడుమెత్తలేదు.

గీత పూర్తయ్యాక తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతులు తుడుచుకున్నాడు. ఆమె చేతి కట్టుని చూశాడు. తరవాత ఆఫీసు కిటికీ వైపు చూశాడు.

“టీచరమ్మగోరూ, ఒక మాట సెప్తాను, కోప్పడరు కదా?”

“చెప్పు ఎర్రయ్యా.”

“తప్పు మీ సేతిది కాదండి. బేటుది.”

ఆమెకి వెంటనే అర్థం కాలేదు.

“ఓపాలి పిడి పట్టుకోండి. ఆటలో ఎలాగ పట్టుకుంతారో అలాగే. ఇప్పుడు మీ ఏళ్ళ కొసలకీ అరిసేతికీ మద్దిన సందుంది సూడండి, అందులో రెండో సేతి సూపుడేలు ఎట్టండి. ఒక్కేలు సరిగ్గా ఇమడాల. బిర్రుగా ఉంటే పిడి సన్నం. కాళీ మిగిలితే లావు.”

ఆమె పెట్టింది. ఒక వేలు పట్టింది. దాని పక్కన ఇంకో వేలు కూడా పట్టింది.

“అదండి. పట్టు సాలక మీరు పిడిని పిసికీస్తన్నారు. గంటసేపు పిసికితే మణికట్టు వాసిపోదేటి? ఇంక బరువు సూడండి. సెయ్యి సాపి బేటుని తిన్నగా ఉంచి ఇరవై లెక్కెట్టండి.”

పన్నెండు దగ్గరే రాకెట్ కొస కిందికి దిగిపోయింది. ఎర్రయ్య దాన్ని తీసుకుని తీగల మీద అరచేత్తో కొట్టాడు. తడిసిన డప్పులా పలికింది.

“టంగుమనాల. షాపులో ఎన్ని వానాకాలాలు సూసిందో, తీగ సచ్చిపోనాది. గొర్రె పేగు కదండి, తడి తగిలితే—”

“గొర్రె పేగా?” కోటేశ్వరి చెయ్యి వెనక్కి తీసుకుంది. మంగళవారం నుంచీ ఆ రాకెట్ దేవుడి అలమర పక్కన మేకుకి వేలాడుతోంది. రామమూర్తి రోజూ దాని కిందే సంధ్యావందనం చేస్తున్నాడు.

ఎర్రయ్య నవ్వు ఆపుకోవడానికి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తరవాత ఆమె బూటు ముందు భాగాన్ని వేలితో నొక్కి చూశాడు. బొటనవేలు ముందర గోరంత సందు చాలని, దూది కుక్కిన బూటుతో పరిగెడితే కాలు మెలిపడుతుందని చెప్పాడు. ఆ మాటలు చెబుతున్నంతసేపూ అతని గొంతు మామూలుగా సభ్యుల ముందు పలికే గొంతు కాదు. పని తెలిసిన మనిషి గొంతు.

మిగిలిన ఆడవాళ్ళు రాగానే కోటేశ్వరి వాళ్ళని క్లాసులో పిల్లల్లా వరసగా నిలబెట్టింది. “పిడి పట్టుకోండి. ఎడమచేతి చూపుడువేలు పెట్టండి.” ఏడుగురిలో అయిదుగురికి రెండేసి వేళ్ళు పట్టాయి. “నాకు నేనే కట్లు కట్టుకుంటున్నానే మంగళవారం నుంచీ!” అని జ్ఞానరత్నం నెత్తి కొట్టుకుంది.

కోటేశ్వరి అదే ఊపులో ఆఫీసు గదిలోకి వెళ్ళింది.

“గణపతిరావుగారూ, మా చేతులు బాగానే ఉన్నాయండీ! రాకెట్లే మాకు సరిపోనివి. అయిదుగురం రేపు వాపసు ఇచ్చేస్తాం.”

“ఓహో. ఎవరు కనిపెట్టారు?”

“మన ఎర్రయ్యేనండీ. ఇందులో అతనికి తెలిసినంత ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు.”

గణపతిరావు కలానికి మూత పెట్టి, “మంచిదమ్మా,” అన్నాడు. ఎర్రయ్యకి తను మేలే చేశాననుకుంటూ ఆమె బయటికి వచ్చింది.

*

శనివారం మధ్యాహ్నం అయిదుగురూ కలిసి గోల్‌బజారు వెళ్ళారు. షాపతను మొహం మాడ్చుకుని రాకెట్లు వెనక్కి తీసుకున్నాడు. తేలికవి కలకత్తా నుంచి రావాలన్నాడు. బయటికొచ్చి రిక్షా కోసం నిలబడ్డప్పుడు జ్ఞానరత్నం నెమ్మదిగా అంది.

“గొడవ చెయ్యకుండా తీసుకున్నాడు, నయమే. సెక్రటరీగారి బావమరిది కదా, ఏమంటాడోనని భయపడ్డాను.”

కోటేశ్వరి రిక్షా ఎక్కబోయి ఆగింది. “ఎవరి బావమరిది?”

“గణపతిరావుగారి భార్యకి స్వయానా తమ్ముడు. మీకు తెలీదా?”

నోటీసు అడుగున ఆ షాపు పేరే ఎందుకు రాశారో ఆమెకి అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ హాల్లో తెలుగు సినిమా. రామమూర్తి ముందే టిక్కెట్లు తెచ్చి ఉంచాడు. హాల్లోకి అడుగుపెట్టేసరికి, కుర్చీల వరసల మధ్య ఒక మనిషి గొంతుక్కూర్చుని వేరుశనక్కాయ తొక్కలు ఊడుస్తున్నాడు. ఖాకీ నిక్కరు చూసి గుర్తుపట్టింది.

“ఎర్రయ్యా, ఇక్కడున్నావేం?”

అతను చీపురు వెనక్కి దాచుకున్నాడు. “ఈ పొద్దు నుంచి ఇక్కడే డూటీ అన్నారమ్మగోరూ. ఇదీ బాగానే ఉంది. ఎండ తగల్దు.” నవ్వబోయాడు, కుదరలేదు. “కూకోండి, కూకోండి. మీ సీట్లు మూడో వరస.”

సినిమా మొదలైంది. తెర మీద ఏం జరుగుతోందో ఆమెకి తెలియలేదు. చీకట్లో కళ్ళు తుడుచుకుంటుంటే రామమూర్తి చూసి, సినిమాకే ఏడుస్తోందనుకుని చేతిరుమాలు ఇచ్చాడు. ఇంటికొచ్చాక మాత్రం అంతా చెప్పింది. ఆయన అంతా విని అన్నాడు.

“రేపు వాళ్ళింటికి వెళ్ళిరా. చేసింది తెలియకే అయినా, వెళ్ళాల్సింది మనమే.”

*

ఆదివారం పొద్దున్న సుభాష్‌పల్లిలో రిక్షా దిగి, వాకిట్లో మరమరాలు చెరుగుతున్న ఒక బెంగాలీ ముసలావిడని ఎర్రయ్య ఇల్లెక్కడని అడిగింది. ఆవిడ చేట ఆపింది. “నూకా దీదీర్ బాడీ? ఓయ్ తో, శబ్దో శున్‌ఛో నా?” అని, చప్పుడు వినబడటం లేదా అన్నట్టు తన చెవి వైపు వేలు చూపించి, సందు చివరకి చెయ్యి ఊపింది.

నిజంగానే ఒక చప్పుడు వస్తోంది. ఠక్... ఠక్... ఠక్... ఎక్కడా తడబడకుండా. కోటేశ్వరి ఆ చప్పుడు వెంటే నడిచింది. పెంకుటిళ్ళ వరస దాటాక బియ్యం గోదాము వెనకగోడ వచ్చింది. ఆ గోడ ముందు నలభై అయిదేళ్ళ ఆడమనిషి, నేతచీర గోచీపెట్టి కట్టి, కొంగు నడుముకి బిగించి, వట్టికాళ్ళతో టెన్నిస్ ఆడుతోంది.

గోడకి తగిలిన బంతి తిరిగొచ్చేసరికి ఆమె ముందే అక్కడ ఉంటోంది. పరిగెత్తినట్టే లేదు. రాకెట్ వెనక్కి పోవడం, భుజం తిరగడం, కొట్టడం అంతా ఒకే కదలిక. ఇరవై దెబ్బలు కొట్టి, బంతిని ఎడమచేత్తో పట్టుకుని, రాకెట్ తీగల్ని చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటింది. అప్పుడు వెనక మనిషిని చూసి గబుక్కున కొంగు విప్పుకుంది.

“ఎవరండి? ఆయన హాలుకెల్లినారు.”

“నేను కోటేశ్వరిని. స్కూల్లో టీచర్ని.”

“మీరేనా అమ్మా! రండి, రండి.” ఎర్రయ్య భార్య నూకాలమ్మ మొహమంతా సిగ్గు. “ఇదేటనుకోకండి. ఆట కాదు. ఇంజినీరు దొరగారి బేటు. నిన్న తీగ కట్టి ఎట్టినారు, బిగువు సూడమన్నారు.”

“నువ్వా చూసేది?”

“ఏటి సేత్తామండి, తీగలు లాగి లాగి ఆయన అరిసెయ్యి మొద్దుబారిపోనాది. ఎంత బిగిసిందో ఆయనకి తెల్దు. నాకైతే బంతి తగిల్తే ఇక్కడికొచ్చి సెప్తాది,” అని మోచెయ్యి ముట్టుకుని చూపించింది. “దొరల బేట్లన్నీ నా సేతిలోంచి ఎల్లినయ్యే. పద్దెనిమిదేళ్ళయింది. పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు మానీసినాను, ఆడు పాలు మానీసినాక మల్లీ మొదలెట్టినాను.”

కోటేశ్వరి గోదాము అరుగు మీద కూర్చుంది. తను చెప్పాలని వచ్చిన మాటలు చెప్పేసింది. షాపు ఎవరిదో తెలియక ఎర్రయ్య పేరు చెప్పానని, తన నోటివల్లే ఇలా అయిందని.

నూకాలమ్మ బంతి మీది ఎర్రదుమ్ము తుడుస్తూ విన్నది.

“మీరు మంచే సెప్పినారు. సెడ్డ జరిగింది. దానికి మీరేటి సేత్తారు?” మళ్ళీ అంది. “ఆయన నిన్నట్నుంచి సరిగ్గా అన్నం తింటం లేదండి. హాలు పని కష్టమని కాదు. మంచు పడతంది కదా, కోర్టుకి పొద్దున్నే రోలరెవులు లాగుతారు, నీల్లెవులు సల్లుతారు అని. నిద్దట్లో కూడా అదే.”

ఆ తరవాత ఆమె దృష్టి కోటేశ్వరి చేతి మీద పడింది. చొరవగా పట్టుకుని వేళ్ళు సాగదీసి, తన చేతితో జత చేసి చూసింది. ఇంట్లోకి వెళ్ళి ఒక పాత రాకెట్ తెచ్చింది. ఎవరో ఆఫీసరు విరగ్గొట్టి పారేసినదట. ఎర్రయ్య పిడిని చిత్రిక పట్టి, సన్నం చేసి, మెత్తని తోలుచుట్టు వేశాడు. “ఇది నాది. మీ ఏళ్ళూ నా ఏళ్ళూ ఒకటే పొడుగు. ఓపాలి కొట్టండి.”

కోటేశ్వరి పిడి పట్టుకుంది. వేళ్ళకీ అరచేతికీ మధ్య ఒక్క వేలే పట్టింది. బంతిని గోడకి కొట్టింది. జిల్లుమనలేదు. బంతి వెళ్ళింది, తిరిగొచ్చింది. ఆ వచ్చినదాన్ని మళ్ళీ కొట్టింది. మూడోది తప్పిపోయినా ఆమె పిల్లలా గట్టిగా నవ్వింది. నూకాలమ్మ కూడా నవ్వి, ఆమె చీర కుచ్చిళ్ళ వైపు చూపించింది. “గోచీ ఎట్టి కట్టండమ్మా. కాల్లకి అడ్డం పడతంది.” అది అమ్మమ్మ మడికట్టు లాంటిదే కదా అనుకుంది కోటేశ్వరి.

ఊపిరి తీసుకుంటుంటే ఆమెకి హఠాత్తుగా ఒక సంగతి తట్టింది.

“నూకాలమ్మా, ఎర్రయ్య రైల్వే ఉద్యోగేనా? ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పెట్టుకున్న మనిషా?”

“రైల్వే ఖలాసీయేనండి. పాసుంది కదా. ఏటేటా సింహాచలం ఎల్తాం.”

“అయితే ఎల్లుండి నువ్వు నాతో వస్తున్నావు.”

“అక్కడికా?” నూకాలమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “అన్నం కేరేజీ గేటు కాడ ఇచ్చీసి రావడమే గానీ, లోపలికెప్పుడూ ఎల్లలేదండి.”

*

మంగళవారం నాలుగింటికి ఇద్దరూ గేటు దాటారు. నూకాలమ్మ ఉతికిన చీర గోచీపెట్టి కట్టుకుంది. కోటేశ్వరి కూడా అలాగే కట్టుకుంది. సరిపడే బూట్లు దొరికేదాకా బూట్లు లేకుండానే ఆడుదామని నిశ్చయించుకుంది. నూకాలమ్మ చంకలో రెండు రాకెట్లు. రెండోదీ ఎవరో పారేసినదే, దాని పిడిని సోమవారం ఎర్రయ్య ఏమీ అడగకుండా చెక్కిపెట్టాడు.

కోర్టు నాలుగు రోజులకే మారిపోయింది. మట్టి పెచ్చులు లేచింది. గీతలు ఉన్నచోట ఉన్నాయి, లేనిచోట లేవు. పంచ కింద గణపతిరావు రిజిస్టరు ముందు కూర్చుని ఉన్నాడు.

“ఈమె ఎవరమ్మా?”

“ఆడటానికి వచ్చిందండీ.”

“ఉద్యోగుల కుటుంబాలకి మాత్రమే.”

“ఉద్యోగి భార్యేనండీ.”

“పేరు?”

“నూకాలమ్మండి.”

“భర్త?”

“ఎర్రయ్యండి.”

కలం ఆగింది. గణపతిరావు ఆమె కాళ్ళ వైపు చూశాడు.

“బూట్లు లేవు.”

“ఎత్తుమడమల చెప్పులు వద్దని రాశారండీ నోటీసులో,” అంది కోటేశ్వరి మెల్లగా. “వట్టికాళ్ళ సంగతి రాయలేదు.”

ఆ నోటీసు రాసింది ఆయనే. తల తిప్పి గోడ మీద దాన్ని ఒకసారి చదువుకున్నాడు. మళ్ళీ రిజిస్టరు వైపు తిరిగి, తరవాతి గడిలో ఏముందో చూసి, అలవాటు కొద్దీ అడిగాడు. “భర్త హోదా?”

“ఆ మాట తవరే సెప్పాల బాబూ,” అంది నూకాలమ్మ. “శుక్రవారం దాకా మార్కరండి. ఇప్పుడేటో ఆయనకీ తెల్దు, నాకూ తెల్దు. కాయితమేటీ ఇవ్వలేదు. తవరేటి రాస్తే అదే.”

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకోవాలనే అడిగింది. కోటేశ్వరి ఆయన కలం వైపు చూసింది. ఖలాసీ అని రాయొచ్చు. ప్యూను అని కూడా రాయొచ్చు. గణపతిరావు తలెత్తి కోర్టు వైపు చూశాడు. నాలుగు రోజులుగా ఉదయంపూట ఆయన ఆడే ఆటలో బంతి ఎక్కడ పడి ఎటు పోతోందో ఎవరికీ తెలియడం లేదు. బావమరిది మీద అభిమానంతో నోటిమాటగా వేసిన డ్యూటీకి ఆయన దగ్గర కాగితం లేని మాటా నిజమే. మెడ వెనక చేత్తో రుద్దుకున్నాడు. తరవాత వంగి, ఒక్కో అక్షరమే రాశాడు. ముందు ‘మిసెస్ ఎర్రయ్య’. పక్క గడిలో ‘మార్కర్’.

సిరా ఆరేదాకా ఎవరి వైపూ చూడలేదు. అప్పుడు ప్యూనుతో అన్నాడు. “హాల్లోంచి ఎర్రయ్యని రమ్మను. గీతలు చెరిగిపోయాయని చెప్పు.”

ఎర్రయ్య చీపురు చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. భార్యని చూశాడు, చూడనట్టే వెళ్ళి చీపురు మూల పడేసి సున్నం డబ్బా అందుకున్నాడు. రోలర్‌కి వేళ లేదు. తాడు కట్టి, వంగి, ఒక గీత మొదలుపెట్టాడు. అందరూ నిలబడి చూశారు. చివరి గీత వేశాక మోకాలి మీదే కూర్చుని, మట్టిని అరచేత్తో ఒకసారి నిమిరాడు.

నూకాలమ్మ ఒక కొసన, కోటేశ్వరి రెండో కొసన నిలబడ్డారు. నూకాలమ్మ బంతి ఎగరేసి, గోదాము గోడకి కొట్టినట్టే కొట్టింది. అది వల మీదుగా, కోటేశ్వరి నెత్తి మీదుగా పోయి, కంచె తీగకి తగిలి పక్కకి దొర్లిపోయింది. జ్ఞానరత్నం చప్పట్లు కొట్టింది. నూకాలమ్మ మాత్రం నాలిక కరుచుకుంది.

“గోడయితే తిరిగొచ్చీదండి.”

వల బిగిస్తున్న ఎర్రయ్య మొదటిసారి ఆమె వైపు తిరిగి చూశాడు. “ఇక్కడ గోడ లేదే. ఎదర మనిసుంది. ఆవిడకి అందేలాగ ఎయ్యి.”

బంతి దొర్లి దొర్లి పంచ కింద గణపతిరావు కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన ఎర్రయ్య కోసం చూశాడు. ఎర్రయ్య రెండు చేతులా వల తాడు పట్టుకుని ఉన్నాడు. ప్యూను హాలుకి వెళ్ళిపోయాడు. గణపతిరావు కుర్చీలోంచి లేచి, వంగి, బంతి తీసి, మట్టి అంటితే పంట్లానికి తుడిచి, నూకాలమ్మ వైపు విసిరాడు.

నూకాలమ్మ ఎడమచేత్తో అందుకుంది.

“బాబూ, కుర్సీ కొంచెం ఎనక్కి జరుపుకోండి,” అంది. “ఇంకోటి ఒచ్చీగల్దు.”

గణపతిరావు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.